పోలీసు అధిపతి కుర్చీ

2013వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగరమున రెండు సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు కొలది నిమిషముల యెడముతో ప్రేలెను. ఒకటి బస్సు నిలుచుచోట, మరియొకటి సినిమాశాల సమీపమున. రెంటికిని నడుమ దూరము నూరు నూటయేబది గజములకు మించదు. మిరపకాయ బజ్జీల కొట్టు యొద్ద నిలిచినవారు, కోచింగు తరగతులు ముగించుకొని హాస్టలునకు మరలుచున్న విద్యార్థులు, నల్లగొండ బస్సునకై ఎదురుచూచుచున్న పల్లెవారు అచ్చటనే కూలిరి. 17 మంది మరణించిరి. తల్లి గర్భముననే నశించిన శిశువును గూడ లెక్కించి న్యాయస్థానమువారు 18 ప్రాణములని చెప్పిరి. గాయపడినవారు నూరుగురకు పైబడినారు.

ఆ దినమున ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పోలీసు శాఖకు అధిపతి శ్రీ వి. దినేశ్ రెడ్డిగారు. ఆయన 1977వ సంవత్సరపు ఐ.పి.ఎస్. జట్టుకు చెందినవారు, 2011 జూన్ 30వ తేదీన శ్రీ అరవిందరావుగారి యనంతరము డైరెక్టరు జనరలు పదవి నధిష్ఠించిరి. పదునైదు మాసములు తిరుగకమునుపే మరల ఇదే ప్రాంతమునకు ఆయన ఓట్లడుగ వచ్చిరి. ప్రేలుడు జరిగిన స్థలమునకు కూతవేటు దూరముననున్న ఎల్.బి. నగరు శాసనసభా నియోజకవర్గము మల్కాజిగిరి లోక్‌సభ స్థానమునందలి ఏడింటిలో నొకటి. 2014 ఎన్నికలలో ఆ స్థానమునకు వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున అభ్యర్థిగా నిలిచినది మన మాజీ డైరెక్టరు జనరలుగారే. పందొమ్మిది నెలల క్రిందట, పది నెలల క్రిందట ఎవరి ఆజ్ఞచే పోలీసులు ఆ వీధులలో నిలిచిరో, ఆయనయే ఇప్పుడు ఆ వీధులలో చేతులు జోడించి తిరుగుట చూచి జనులేమనుకొనిరో మేము చెప్పనక్కరలేదు. ఇరువది తొమ్మిది లక్షలకు పైగా ఓటర్లు గల ఆ స్థానము అప్పుడు దేశమునందెల్ల పెద్దది. తెలుగుదేశము అభ్యర్థి శ్రీ సి.హెచ్. మల్లారెడ్డిగారు గెలిచిరి, దినేశ్ రెడ్డిగారు ఓడిరి.

ఓటమి గెలుపులతో మాకు పనిలేదు. పదవీ విరమణ చేసిన యుద్యోగి రాజకీయములలో దిగుట ఏ చట్టమునకును విరుద్ధము గాదు. మేము విచారింపదలచినది వేరు. ఒక రాష్ట్రమున ప్రజల ప్రాణమానములకు పూటవహించిన యధికారి కుర్చీ యెక్కిన దినము మొదలు దిగిన దినము వరకు ఎవరి దయమీద నిలిచెను, ఎవరి కోపమునకు గురియయ్యెను, ఆ దయాకోపముల నడుమ దిల్‌సుఖ్‌నగరమునందలి బస్సు నిలుచుచోటు ఆయన దృష్టికి ఎంతవరకు వచ్చియుండును అనునదియే మా ప్రశ్న.

ఆయన ఉద్యోగచరిత్రను కొంత తడవి చూతము. పదవిలోనికి వచ్చిన నాటినుండియు ఆ నియామకము వివాదములో బడినది. తమకంటె సీనియరులుండగా వారిని దాటవేసిరని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలు నాశ్రయించినవారు కలరు. యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషను జాబితా ప్రకారము జరుగవలసిన ఎంపిక అట్లు జరుగలేదని 2012లో ఆ నియామకము రద్దు గావింపబడెను. పిమ్మట ప్రభుత్వమువారు పద్ధతి ప్రకారము జాబితా తెప్పించుకొని ఆయననే మరల నియమించిరి. ఇంతలో వేరొక కథ నడచుచున్నది. ఆయన అక్రమముగా ఆస్తులు గడించినారని ఒక రాజ్యసభ సభ్యుని పేరిట కేంద్ర హోము శాఖకు ఒక ఉత్తరము చేరెను. ఆ సంతకము కూటసంతకమని తేలి, దానిని పుట్టించినట్టి అభియోగము మరియొక ఉన్నత పోలీసు అధికారిపై మోపబడెను. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోగా, 2013 సెప్టెంబరులో న్యాయమూర్తులు చెప్పినది గమనింపదగినది. ఉత్తరము కృత్రిమమైనను కావచ్చును, అందలి యారోపణలలో నిజమున్నదో లేదో విచారింపక విడువరాదని వారు సి.బి.ఐ.కి ఆ పని నప్పగించిరి. దినేశ్ రెడ్డిగారు ఆ యారోపణలను త్రోసిపుచ్చిరి. ఏ న్యాయస్థానమును ఆయనను దోషియని నిర్ణయింపలేదు; కావున మేమును ఆయనను దోషియని యనము. కాని ఈ దృశ్యమును పాఠకులు మనస్సున నిలుపుకొందురు గాక: ఒక రాష్ట్ర పోలీసు శాఖలో మొదటి అధికారిపై ఆస్తుల విచారణ, రెండవ వరుసలోని అధికారిపై కూటపత్రముల విచారణ, నియామకముపై ట్రిబ్యునలులో ఒక వ్యాజ్యము, హైకోర్టులో నింకొకటి. శాఖయొక్క పెద్దలందరు న్యాయవాదుల కార్యాలయముల చుట్టు తిరుగుచుండిన కాలముననే ఎవరో రెండు సైకిళ్లు కొని దిల్‌సుఖ్‌నగరమునకు త్రోవ చూచుకొనిరి.

ఇది అలంకారమునకై చెప్పిన మాట గాదు. 2012లోనే ఢిల్లీ పోలీసులు పట్టుకొనిన కొందరు, తాము మోటారుసైకిలుపై దిల్‌సుఖ్‌నగరము, బేగంబజారు, ఆబిడ్సు తిరిగి చూచి పోయితిమని చెప్పినట్లు ఢిల్లీ పోలీసువారే పత్రికలకు తెలిపియుండిరి. ప్రేలుడు జరిగిన రాత్రి కేంద్ర హోము మంత్రి శ్రీ సుశీల్ కుమార్ షిందేగారు, రెండు దినములుగా సమాచారము మాకున్నది, రాష్ట్రములకు పంపితిమి అనిరి. ముఖ్యమంత్రి శ్రీ కిరణ్ కుమార్ రెడ్డిగారు, అట్టివి తరచుగ వచ్చు సాధారణ హెచ్చరికలే యనిరి. ఇరువురును నిజమే చెప్పియుండవచ్చును. హెచ్చరిక రాలేదని యెవరును అనలేదు గదా! వచ్చిన హెచ్చరిక ఏ బల్లమీద ఆగెను? దిల్‌సుఖ్‌నగరమున 2002 నవంబరులో సాయిబాబా దేవాలయము యొద్ద ఒకమారు బాంబు ప్రేలినది. 2007 ఆగస్టు 25వ తేదీన లుంబినీ పార్కునందును గోకుల్ చాట్ యందును నలువది మందికి పైగా బలియైన రాత్రియే, దిల్‌సుఖ్‌నగరపు పాదచారుల వంతెన క్రింద ప్రేలని బాంబొకటి దొరికినది. మూడవమారు అచ్చటికే రాగలరని ఊహించుటకు జ్యోతిష్కుడు కావలయునా?

మరియొక చిక్కు కలదు. ఈ ప్రాంతము అప్పుడు రెండు కమిషనరేట్ల పొలిమేర. ఒక ప్రేలుడు కేసు మలక్‌పేట పోలీసు ఠాణాలోను, రెండవది సరూర్‌నగరు ఠాణాలోను నమోదయ్యెను. ఒకటి హైదరాబాదు నగరపు ఠాణా, రెండవది సైబరాబాదునది. నూరు గజములలో జరిగిన ఒకే ఘాతుకమునకు రెండు ఠాణాలు, ఇద్దరు కమిషనరులు. ఇట్టి చోట్ల ఇరువురకును పైనున్న అధికారి యొక్కడే ఆ రెండు చేతులను కలుపగలవాడు. ఆ యొక్కడు నిశ్చింతగ కుర్చీలో కూర్చుండవలెను.

నేర పరిశోధన మాత్రము సక్రమముగా సాగినది. జాతీయ పరిశోధన సంస్థ కొలది వారములలో కేసును చేపట్టెను. యాసిన్ భత్కల్ మొదలగు ఐదుగురను ప్రత్యేక న్యాయస్థానము 2016 డిసెంబరు 13న దోషులుగా నిర్ణయించి, 19న మరణశిక్ష విధించెను. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను ధ్రువపరచెను. పండ్రెండేండ్లు పట్టినది. నేరస్థుల విచారణకు న్యాయస్థానములు కలవు. హెచ్చరికను అందుకొనిన కార్యాలయముల విచారణకు ఏ న్యాయస్థానము కలదు?

2013 సెప్టెంబరు 30వ తేదీన దినేశ్ రెడ్డిగారి వయఃపరిమితి ముగిసెను. పోలీసు అధిపతికి రెండేండ్ల నిర్ణీత కాలముండవలెనని సుప్రీంకోర్టు చెప్పియున్నది గావున తనను కొనసాగింపవలెనని ఆయన కోరిరి. ట్రిబ్యునలును, హైకోర్టును వినలేదు. శ్రీ ప్రసాదరావుగారు ఇన్‌ఛార్జిగా వచ్చిరి. కొలది దినములలోనే దినేశ్ రెడ్డిగారు పత్రికలవారిని పిలిచి, ముఖ్యమంత్రి తనపై అనేక విధముల వత్తిడి తెచ్చినాడనియు, తాను లొంగనందుననే పొడిగింపు దక్కలేదనియు చెప్పిరి. ముఖ్యమంత్రి పక్షమువారు అది యసత్యమని ఖండించిరి.

ఎవరిమాట నిజమో తీర్పు చెప్పుటకు మాయొద్ద సాధనములు లేవు. అయినను ఆ పత్రికా సమావేశము తేదీ మాకు ముఖ్యము. సెప్టెంబరు 30వ తేదీవరకు ఆయన నోట ఈ మాట రాలేదు, అక్టోబరులో వచ్చినది. ఆయన చెప్పినది యసత్యమైనచో, రాష్ట్ర పోలీసు శాఖ రెండేండ్లకు పైగా అట్టివాని చేతిలోనుండినది. సత్యమైనచో, అక్రమమైన యాజ్ఞలు వచ్చుచున్నవని యెఱిగియు రాష్ట్రమునకు మొదటి పోలీసు అధికారి మౌనము దాల్చి, పొడిగింపునకై అర్జీ పెట్టుకొని, అది దక్కని పిమ్మట చెప్పెను. రెంటిలో ఏది ప్రజలకు ఊరట? వత్తిడి వచ్చిన నాడే ఆ సంగతిని కాగితముపై పెట్టి గవర్నరునకో న్యాయస్థానమునకో పంపియుండిన యెడల, ఆయనను మేము నేడు వేరొక విధముగ స్మరించుచుందుము.

దీనికి ఆయన పక్షమున చెప్పదగిన సమాధానమొకటి లేకపోలేదు. దానిని దాచుట న్యాయము గాదు. ఆయన నియామకమే న్యాయస్థానములలో వ్రేలాడుచుండెను. ట్రిబ్యునలులో ఆ నియామకమును సమర్థించుచుండినది ఆ ప్రభుత్వపు న్యాయవాదులే. ఎవరి న్యాయవాది తన కుర్చీని నిలుపుచున్నాడో వారికి ఎదురుతిరుగుట ఎంత కష్టమో గృహస్థులెవరికైనను తెలియును. సీనియరులను దాటి తెచ్చుకొనిన యధికారిని ప్రభుత్వము సైతము గట్టిగ నిలదీయజాలదు. ఒకరి మెడకు కట్టిన త్రాడు కొస రెండవవాని చేతిలోను, రెండవవాని మెడకు కట్టిన త్రాడు కొస మొదటివాని చేతిలోను నుండినట్లు ఇద్దరును బంధింపబడియుండిరి. ఆ త్రాళ్లు తెగిన దినముననే మాటలు బయటపడినవి.

ఆయన చేరిన పక్షమును గూర్చి ఒక చిన్నమాట. 2012 మే నెలలో సి.బి.ఐ.వారు శ్రీ వై.ఎస్. జగన్మోహన్ రెడ్డిగారిని నిర్బంధించినప్పుడు హైదరాబాదునందును రాష్ట్రమంతటను బందోబస్తు నడిపినది దినేశ్ రెడ్డిగారి పోలీసులే. రెండేండ్లు తిరుగకముందే ఆ నాయకుని పక్షముననే ఆయన అభ్యర్థి. ఇందు ఆ పక్షమువారి ఉదారతను మెచ్చవలెనా, ఆయన నిర్మమత్వమును మెచ్చవలెనా మాకు తెలియలేదు.

ఇట్టి దుస్థితి రాకూడదనియే గదా శ్రీ ప్రకాశ్ సింగుగారు పదియేండ్లు సుప్రీంకోర్టులో పెనగులాడినది! ఆయన ఉత్తరప్రదేశ్, అస్సాము రాష్ట్రముల పోలీసు అధిపతిగా, సరిహద్దు భద్రతాదళాధిపతిగా పనిచేసిన పెద్దమనిషి. 1996లో వ్యాజ్యము వేసిరి. 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చెను. ముగ్గురు సీనియరులను సర్వీసు కమిషను ఎంచవలెను, వారిలో నొకరిని రాష్ట్రము నియమింపవలెను, రెండేండ్లు కదల్పరాదు. ప్రభుత్వము పోలీసులపై చేయరాని వత్తిడి చేయకుండ కాపాడుటకు రాష్ట్ర భద్రతా సంఘము, పోలీసులు ప్రజలపై చేయరాని పని చేసిన వినుటకు ఫిర్యాదుల సంఘము ఏర్పరుపవలెను. తీర్పు స్పష్టముగ నున్నది. కాని రాష్ట్రములు దానికి ఒక విరుగుడు కనిపెట్టినవి. పూర్తి అధిపతిని నియమించినచో రెండేండ్లు కదల్పరాదు గావున, పూర్తి అధిపతినే నియమింపక ఇన్‌ఛార్జిని నిలుపుట! ఇన్‌ఛార్జి యనగా రేపు తీసివేయదగినవాడు. రేపు తీసివేయదగినవాడు నేడు మాట వినును. 2018 జూలైలో సుప్రీంకోర్టు ఇన్‌ఛార్జి అధిపతుల పద్ధతి కూడదని మరల చెప్పవలసివచ్చెను. చెప్పిన తరువాత గూడ మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఇన్‌ఛార్జీలు కుర్చీ నేలిరి.

రాష్ట్రము 2014 జూన్ 2న రెండైనది. కుర్చీలును రెండైనవి, రోగము మాత్రము పంపకములో ఇరువురకును సమానముగ వచ్చినది. 2023 డిసెంబరు 3వ తేదీన తెలంగాణలో ఓట్ల లెక్కింపు ఇంకను సాగుచుండగనే, డైరెక్టరు జనరలు శ్రీ అంజనీ కుమార్‌గారు పూలగుత్తితో శ్రీ రేవంత్ రెడ్డిగారి యింటికి పోయిరి. ఎన్నికల సంఘము ఆ సాయంకాలమే ఆయనను సస్పెండు చేసెను; కొలది దినములకు ఆ యుత్తరువును ఉపసంహరించెను. ఆయన కూడ ఇన్‌ఛార్జి అధిపతియే యనుట మరువరాదు. ఆ పూలగుత్తిలో ద్రోహము లేదు, నేరము లేదు, ఉన్నది తొందర. ఆ తొందర ఎందులకు పుట్టెనో పై మాటలు చదివినవారికి వేరుగ చెప్పనేల?

ఆ మరునాటి రాత్రియే, ప్రత్యేక ఇంటెలిజెన్సు శాఖ కార్యాలయమున హార్డు డిస్కులు ధ్వంసము చేయబడినవని 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో కేసు పుట్టెను. మావోయిస్టుల కదలికలు కనిపెట్టుటకై యేర్పడిన శాఖ ప్రతిపక్ష నాయకుల, వర్తకుల, పత్రికలవారి టెలిఫోనులు వినెనని యారోపణ. ఆ శాఖాధిపతి శ్రీ టి. ప్రభాకరరావుగారు పదవీ విరమణ జరిగిన పిమ్మటను అచ్చటనే కొనసాగింపబడినవారు. ప్రభుత్వము మారగనే రాజీనామా చేసి, అమెరికా పోయి, 2025 జూన్‌లో తిరిగివచ్చిరి. ఆరోపణలను ఆయన నిరాకరించుచున్నారు. నిజము న్యాయస్థానము తేల్చును. మాకిచ్చట కావలసినది ఒకటే. విరమించిన యధికారిని అట్టి రహస్యశాఖలో నిలిపియుంచుటకు ఏ ప్రజాప్రయోజనము కారణము?

కృష్ణకు అవ్వలి యొడ్డున కథ తిరగబడి నడచినది. ఇంటెలిజెన్సు శాఖాధిపతిగా నుండిన శ్రీ ఏ.బి. వెంకటేశ్వరరావుగారిని 2020 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వము సస్పెండు చేసెను. హైకోర్టు, సుప్రీంకోర్టు, ట్రిబ్యునలు తిరిగి తిరిగి, 2024 మే 31న, సరిగా పదవీ విరమణ దినముననే, ఆయన ఉద్యోగములో చేరి ఆ సాయంకాలమే దిగిరి. ప్రభుత్వము మారెను. వెనుకటి ప్రభుత్వమునకు ఇంటెలిజెన్సు అధిపతిగా నుండిన శ్రీ పి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారు 2025 ఏప్రిల్‌లో నిర్బంధింపబడిరి. వీరిలో ఎవరు నిర్దోషులో, ఎవరు కారో మేము పలుకము. ఒక పాలనలో పెద్దపీట వేయబడినవాడు మరు పాలనలో బోనెక్కుట నియమమైనప్పుడు, ఆ పీట నెక్కువాడు మొదటినాటినుండియే ఏ లెక్కలు వేసికొనును?

ఈ రోగమునకు వేరు పాతది. 1857 విప్లవము నణచిన పిదప దొరలు 1861లో పోలీసు చట్టము చేసిరి; ప్రజలకు జవాబు చెప్పు పోలీసును వారు కోరలేదు, ఏలువానికి జవాబు చెప్పు పోలీసును కోరిరి. 1902-03లో కర్జను ప్రభువు నియమించిన ఫ్రేజరు సంఘమే ఆ పోలీసు అసమర్థమనియు, లంచగొండి యనియు, ప్రజాపీడకమనియు వ్రాసినది. మన హైదరాబాదున నిజాముల నాటి 1348 ఫసలీ నగర పోలీసు చట్టము నేటికిని చెల్లుచున్నది. నిజాము పోయెను, ఆయన కొత్వాలు చట్టము పోలేదు. అయితే ఆ కాలమునందు గూడ కుర్చీకి వన్నె దెచ్చినవారు లేకపోలేదు. రాజబహదూరు వెంకటరామారెడ్డిగారు 1920 నుండి 1934 వరకు నగర కొత్వాలుగా నుండిరి. నిరంకుశ ప్రభువు కొలువులోనుండియు, 1918లో రెడ్డి హాస్టలు స్థాపించి ఎందరో బీద విద్యార్థులకు నీడ గల్పించిరి. ఏకఛత్రాధిపతి క్రింద పదునాలుగేండ్లు ఒకే కొత్వాలు నిలువగలిగెను. ప్రజాప్రభుత్వములలో రెండేండ్లు ఒక అధిపతిని నిలుపుటకు సుప్రీంకోర్టు ఆజ్ఞయును చాలలేదు. ఇది చూచి నవ్వవలెనో యేడ్వవలెనో!

ఎల్.బి. నగరమనగా లాల్ బహదూరు నగరము. ఆ పేరు గలవారు రైల్వే మంత్రిగా నున్న 1956లో, మన మహబూబ్‌నగరము యొద్ద రైలు ప్రమాదము జరిగినప్పుడు రాజీనామా నిచ్చిరి, నెహ్రూగారు అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదము జరుగగా మరల నిచ్చి, ఈసారి నిలిచి దిగిపోయిరి. వంతెనలను ఆయన కట్టలేదు, రైలును ఆయన నడుపలేదు. 2013 ఫిబ్రవరి 21 తరువాత, లాల్ బహదూరు పేరిటి నగరమునకు సమీపమున అంతటి ఘోరము జరుగగా, కేంద్రమున గాని రాష్ట్రమున గాని, మంత్రులలో గాని పోలీసు పెద్దలలో గాని, నాదీ బాధ్యత యని కుర్చీ విడిచినవారు లేరు. ఏడు నెలల పిమ్మట కుర్చీని విడువజాలనని వ్యాజ్యము వేసినవారు మాత్రము కలరు.

నేడు దిల్‌సుఖ్‌నగరము మీదుగ మెట్రో రైలు పోవుచున్నది. 2018 సెప్టెంబరునుండి ఎల్.బి. నగరు వరకు జనులు దానిపై తిరుగుచున్నారు. ఉద్యోగపరీక్షలకు చదువుకొన వచ్చిన పల్లెల బిడ్డలతో చైతన్యపురి, కొత్తపేట వీధులు నిండియే యున్నవి. సాయంకాలము ఏడు గంటలకు ఆ బస్సు నిలుచుచోట నిలిచియుండువారిలో సగము మందికి 2013 నాటి సంగతి వినికిడియే. వారి పక్షమున రెండు ప్రభుత్వములను మేము రెండు కోరుచున్నాము. ప్రస్తుతాధిపతి దిగుటకు మూడు నెలలు ముందుగనే సర్వీసు కమిషనుకు పేర్లు పంపి, ఆ పంపిన తేదీని గెజిటులో ప్రకటింపవలెను. తేదీ బయటపడినచో ఇన్‌ఛార్జీల ఆట సాగదు. అధిపతికి మంత్రులనుండి వచ్చు నోటిమాట ఆజ్ఞలను ఆ దినమే పుస్తకమున నెక్కించి, రాష్ట్ర భద్రతా సంఘము ముందుంచు నియమము చేయవలెను. అట్టి పుస్తకము 2013లో నుండినచో, అక్టోబరు పత్రికా సమావేశముతో పనియుండెడిది కాదు. నిజమెవరిదో ఆ పుటలే చెప్పియుండును.

మూడవది తెలంగాణ ప్రభుత్వమును మాత్రమే అడుగుచున్నాము. 2013 ఫిబ్రవరి 19, 20 తేదీలలో ఢిల్లీ నుండి వచ్చిన హెచ్చరిక హైదరాబాదున ఏ గంటకు, ఏ కార్యాలయమున, ఎవరి చేతికి అందెను, వారు దానిపై ఏమి వ్రాసిరి, మలక్‌పేట ఠాణాకును సరూర్‌నగరు ఠాణాకును అది చేరెనా అను వివరములను శాసనసభ బల్లమీద పెట్టవలెను. నేరస్థులకు శిక్ష పడినది గావున కేసునకు హాని యనెడు సాకు ఇక చెల్లదు.